అమావాస్య చూసుకుని బయల్దేరండి: కార్లు లేని మోరో డి సావో పాలోకి ఎలా వెళ్ళాలి

పేరులో సావో పాలో ఉంది కదా అని ఆ నగరంలో దిగి టాక్సీ ఎక్కితే సరిపోతుందనుకోకండి. మోరో డి సావో పాలో ఆ మహానగరానికి విమానంలో రెండున్నర గంటల దూరంలో, బ్రెజిల్ ఈశాన్యాన బాహియా రాష్ట్రంలో ఉంది. రాష్ట్ర రాజధాని సాల్వడోర్‌కి దక్షిణంగా, టిన్యారే అనే దీవి కొసన ఉన్న చిన్న ఊరు. కైరు అనే మునిసిపాలిటీ కిందికి వస్తుంది. ఆ మునిసిపాలిటీ అంతా దీవులే. ఊళ్ళో కార్లు తిరగవు. తిరుగుదామన్నా దారి లేదు. ఉన్నవల్లా రాళ్ళు పరిచిన వాలు దారులు, మెట్లు, ఇసుక.

మోరో అంటే గుట్ట. అక్కడివాళ్ళు "మోహు" అంటారు. వాళ్ళ పోర్చుగీసులో రెండు ర-లు పక్కపక్కన పడితే నోట్లో హ అయిపోతుంది. పడవ టికెట్ కౌంటర్లో "మోహు" అంటే చాలు, ఇంకేమీ అడగరు.

ఉద్యోగం మీద రెండేళ్ళు సావో పాలోలో ఉన్నప్పుడు నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఒక్కడినే, ఏమీ తెలుసుకోకుండా. రెండోసారి మా అమ్మతో. మొదటి ట్రిప్‌లో చేసిన తప్పులన్నీ రెండోసారి పనికొచ్చాయి. మీకు నేరుగా రెండోసారి ఎలా వెళ్ళామో చెప్తాను.

తేదీలు: ముందు గోడ క్యాలెండర్ తీయండి

ఈ ఊరికి జనం వెళ్ళేది సముద్రంలో సహజంగా ఏర్పడే మడుగుల కోసం. తీరం వెంట పగడపు దిబ్బలున్నాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ దిబ్బల మధ్య నీళ్ళు నిలిచిపోయి మోకాలి లోతు, నడుము లోతు మడుగులవుతాయి. అడుగున ఇసుక కనిపిస్తూ ఉంటుంది. చారల చేపలు కాళ్ళ చుట్టూ తిరుగుతాయి. సముద్రం తగ్గకపోతే ఇదేమీ ఉండదు. మామూలు సముద్రమే.

మొదటిసారి నేను వెళ్ళింది అష్టమి ముందూ వెనకా అని తర్వాత లెక్క చూసుకుంటే తెలిసింది. పడవ నడిపే అతను ఒక చోట ఇంజిన్ ఆపి "ఇదే మడుగు" అన్నాడు. దిగితే మెడ దాకా నీళ్ళు. కింద ఏముందో కనపడలేదు. అతని తప్పేమీ లేదు, రోజే అలాంటిది.

రెండోసారి టికెట్లు చూస్తుంటే మా అమ్మ ఇక్కడి నుంచి పెట్టెలో పెట్టుకొచ్చిన తెలుగు క్యాలెండర్ తిప్పి, "శుక్రవారం అమావాస్య. ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటారా?" అంది. నేను అప్పుడే ఆటుపోట్ల పట్టిక తెరిచి చూస్తున్నాను. నెలలో నీళ్ళు అన్నిటికన్నా తగ్గేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

లెక్క ఇదీ. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. చంద్రుడి లాగుడికి సూర్యుడి లాగుడు తోడవుతుంది కాబట్టి పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మధ్యస్థంగా ఉండిపోతాయి. అసలు పెద్ద ఆటు అమావాస్య నాడే కాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పాడ్యమి, విదియల్లో కూడా వస్తుంది. ఆటు వచ్చే వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది. బాహియా తీరంలో మనకి కలిసొచ్చే సంగతి ఏమిటంటే, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు ఉదయం తొమ్మిది, పది గంటల ప్రాంతంలో పడుతుంది. ఎండ ఉంటుంది, పడవలు బయల్దేరే వేళ కూడా అదే. అష్టమికి అదే ఆటు సాయంత్రానికి జారిపోతుంది. పైగా నీళ్ళు పెద్దగా తగ్గవు.

కాబట్టి త్రయోదశికి దీవి చేరి తదియకి తిరుగు ప్రయాణం పెట్టుకోండి. అమావాస్య నాడు ప్రయాణం ఉండదు, అమ్మలకి అభ్యంతరం ఉండదు. మాకు తగువు తీరింది ఇలాగే. బ్రెజిల్ మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక. మన క్యాలెండర్లో తిథి అక్కడ ఒక పూట అటూ ఇటూ అవుతుంది, సముద్రానికి అది పెద్ద తేడా కాదు. ఖచ్చితమైన వేళలు కావాలంటే బ్రెజిల్ నౌకాదళం ఏటా వేసే ఆటుపోట్ల పట్టిక ఆన్‌లైన్‌లో ఉంటుంది, సాల్వడోర్ రేవు పేజీ చూడండి. అందులో ఎత్తు మీటర్లలో ఉంటుంది. 0.3 కానీ అంతకన్నా తక్కువ కానీ కనిపిస్తే మడుగులు బాగుంటాయి. 0.8 ఉంటే పడవకి డబ్బులు పెట్టకుండా ఇసుకలో పడుకోవడమే మేలు.

ఇక ఋతువు. అక్కడ ఏడాదంతా వేడే. ఏప్రిల్ నుంచి జూలై దాకా వానలు ఎక్కువ. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వచ్చే కార్నివాల్ పండగ దాకా జనం, ధరలు రెండూ ఆకాశంలో ఉంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వెళ్తే వాన తక్కువ, ఖర్చు తక్కువ. జూలై నుంచి అక్టోబరు దాకా ఆ సముద్రంలోకి హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి వస్తాయి కాబట్టి సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే అదృష్టం బాగుంటే అవీ కనిపిస్తాయి.

కాగితాలు, సూది

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి బ్రెజిల్ వీసా కావాలి. అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నా సరే, పాస్‌పోర్టు మనదైతే వీసా తప్పదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి కూడా 2025 ఏప్రిల్ 10 నుంచి ఈ-వీసా తప్పనిసరి అయింది. "అమెరికన్ పాస్‌పోర్టుకి ఏమీ అక్కర్లేదు" అనే పాత సలహా ఇంకా తిరుగుతోంది, నమ్మకండి.

దీనికన్నా ఎక్కువ మంది మర్చిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. బ్రెజిల్ నుంచి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సూది వేయించుకున్నాక పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, కాబట్టి చివరి వారంలో పరుగెత్తి లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. రోజులు, వేళలు ముందు కనుక్కుని వెళ్ళండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్ళకి ఈ టీకాతో కొంచెం రిస్కు ఉంటుంది. మా అమ్మకి డాక్టర్ పాత రిపోర్టులన్నీ తిరగేశాకే సరేనన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే అలాగే చేయండి.

హైదరాబాద్ నుంచైతే దోహా లేదా దుబాయ్ మీదుగా సావో పాలో, అక్కడి నుంచి లోకల్ ఫ్లైట్‌లో సాల్వడోర్. మొత్తం ఒక రోజు పైనే. సావో పాలోలో సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ లోకల్ ఫ్లైట్‌కి ఇవ్వాలి. మధ్యలో మూడు నాలుగు గంటలైనా ఉంచుకోండి.

సామాను: భుజానికి తగిలించుకునేదే

చక్రాల సూట్‌కేసు తీసుకెళ్ళకండి. ఈ వాక్యాన్ని నేను మొదటిసారి ఎక్కడో చదివాను, నవ్వుకున్నాను, తీసుకెళ్ళాను. రేవులో దిగిన నాలుగు నిమిషాలకి రాళ్ళ మధ్య ఇరుక్కుని ఒక చక్రం ఊడిపోయింది. మిగిలిన మూడు రోజులూ దాన్ని పసిపిల్లలా చంకనేసుకు తిరిగాను.

పెట్టాల్సినవి: పల్చటి కాటన్ బట్టలు, రాళ్ళ మీద నడవడానికి రబ్బరు చెప్పులు, నీళ్ళలో ఊడిపోకుండా వెనక పట్టీ ఉన్నవి. దిబ్బల మీద సీ అర్చిన్లనే ముళ్ళ ప్రాణులుంటాయి, వాటి మీద ఉత్త కాలు పడితే ట్రిప్ అక్కడితో సరి. దోమల మందు తప్పనిసరి, డెంగీ అక్కడా ఉంది. మన రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ వాళ్ళ సాకెట్‌లో దూరుతుంది. కానీ బ్రెజిల్‌లో కొన్నిచోట్ల 127 వోల్టులు, కొన్నిచోట్ల 220. ఫోన్‌కి ఫర్వాలేదు, ఎలక్ట్రిక్ కెటిల్ లాంటివి మాత్రం అడిగి పెట్టండి.

సాల్వడోర్ నుంచి దీవికి: కడుపుని బట్టి దారి ఎంచుకోండి

మొదటి దారి కాటమరాన్, అంటే జోడు పొట్టల పడవ. మన "కట్టుమరం" మాటే తమిళం నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి ఈ రూపంలో తిరిగొచ్చింది. సాల్వడోర్ పాత మార్కెట్ భవనం మెర్కాదో మోడెలో వెనకాల టెర్మినల్ నాటికో ఉంది. అక్కడ ఎక్కితే రెండు, రెండున్నర గంటల్లో నేరుగా దీవిలో దిగుతారు. వినడానికి బాగుంటుంది. కానీ దారిలో చాలా భాగం ఖాళీ సముద్రం, అలలు పెద్దవి. ఎక్కగానే సిబ్బంది ప్లాస్టిక్ సంచులు పంచుతారు. అవి చెత్త కోసం కాదని అరగంటలో తెలుస్తుంది. సీటు ఎంచుకోగలిగితే వెనకవైపు, మధ్యలో, కింది అంతస్తులో కూర్చోండి. ఊపు అక్కడ తక్కువ. ఖాళీ కడుపుతో వద్దు, పూరీలు తిన్నంత నిండుగానూ వద్దు. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి ఇక్కడి నుంచే తెచ్చుకోండి, ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికొస్తుంది.

రెండో దారి సగం నేల, సగం నీళ్ళు. సాల్వడోర్ నుంచి చిన్న పడవలో ఎదురుగా ఉన్న ఇటపరికా దీవికి, అక్కడ బస్సు లేదా వ్యాన్‌లో వలెన్సా వైపు, చివర్లో బోం జార్జిం రేవు నుంచి స్పీడ్ బోటులో ఇంకో పది పదిహేను నిమిషాలు. ఎక్కి దిగడం ఎక్కువ, మొత్తం మూడున్నర నుంచి నాలుగు గంటలు. కానీ ఖాళీ సముద్రం తగలదు. పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే కళ్ళు మూసుకుని ఇదే ఎంచుకోండి. అమ్మని నేను ఇలాగే తీసుకెళ్ళాను. బస్సు కిటికీ లోంచి కొబ్బరి, అరటి, మధ్యమధ్య ఎర్రటి గెలలతో పామ్ చెట్లు చూస్తూ "ఇది కోనసీమలా లేదూ" అని మూడుసార్లు అంది. ఆ తీరానికి పేరే దెందే తీరం, దెందే అంటే పామాయిల్.

మూడోది సాల్వడోర్ విమానాశ్రయం నుంచి చిన్న విమానం, అరగంట లోపే. ఖరీదు. సామాను బరువు మీద గట్టి పరిమితి.

ఏ దారైనా ఒక్క జాగ్రత్త. పడవలు పొద్దున్నే ఎక్కువ, ఆఖరిది మధ్యాహ్నమే వెళ్ళిపోతుంది. విమానాశ్రయం నుంచి టెర్మినల్‌కి ట్రాఫిక్‌లో గంట. మీ ఫ్లైట్ మధ్యాహ్నం దిగేదైతే ఆ రాత్రి సాల్వడోర్‌లోనే ఉండండి, టెన్షన్ పెట్టుకోవద్దు. టెర్మినల్ దగ్గర్లోనే 1873 నాటి లసెర్డా ఎలివేటర్ ఉంది. కింది ఊరి నుంచి పై ఊరికి జనాన్ని మోసే లిఫ్టు అది. పొద్దు పోతుంది. చీకటి పడ్డాక మాత్రం ఆ కింది బజారులో ఫోన్ చేత్తో పట్టుకుని తిరగొద్దు.

రేవులో దిగాక

దిగగానే దీవి రుసుము కట్టాలి. ముందే ఆన్‌లైన్‌లో కట్టి క్యూఆర్ కోడ్ చూపిస్తే వరుస తప్పుతుంది.

అది దాటగానే ఒంటిచక్రం బళ్ళ వాళ్ళు చుట్టుముడతారు. మనం ఇల్లు కట్టేటప్పుడు ఇసుక, కంకర మోసే బండి ఉంటుంది చూడండి, అదే. పక్కన రంగుతో "టాక్సీ" అని రాసి ఉంటుంది. ఊళ్ళో ఉన్న టాక్సీలు ఇవే. సామాను అందులో వేస్తారు, మనం వెనక నడవాలి. ధర ముందే మాట్లాడుకోండి. బీచ్ పేరు, హోటల్ పేరు చెప్పి, ఎన్ని సంచులో వేలితో చూపించి, అంకె ఫోన్‌లో టైప్ చేయించుకోండి. పైకి చేరాక బేరం మొదలుపెడితే బాగుండదు.

మాకు దొరికిన బండి మనిషికి యాభై పైనే ఉంటాయి. మా సంచుల్లో బరువైనదాన్ని చక్రం వైపు, తేలికవాటిని పిడుల వైపు సర్దాడు. రాతి కమాను కిందుగా వాలు మొదలవగానే నేరుగా ఎక్కలేదు. దారికి ఈ అంచు నుంచి ఆ అంచుకి, పాము పోయినట్టు వంకరగా తోసుకుంటూ వెళ్ళాడు. సగంలో గోడకి చక్రం ఆనించి, అమ్మని చూసి, అక్కడే ఉన్న గట్టు చూపించి కూర్చోమన్నాడు. అతనికి తెలుగు రాదు, అమ్మకి పోర్చుగీసు రాదు. ఇద్దరూ మోకాళ్ళు చూపించుకుని నవ్వుకున్నారు.

ఆ రాతి కమాను కోట తాలూకు ద్వారం. ఎక్కాక కూడలి, చర్చి, దుకాణాలు, మళ్ళీ దిగుడు, అప్పుడు బీచ్‌లు. రేవు నుంచి రెండో బీచ్‌కి మామూలు నడకతో పావుగంట, ఇరవై నిమిషాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అరగంట.

ఎక్కడ ఉండాలి

బీచ్‌లకి పేర్ల బదులు నంబర్లు. మొదటిది చిన్నది, ఊరికి ఆనుకుని ఉంటుంది. రెండోది సందడి. పగలు కుర్చీలు, రాత్రి పాటలు, పండ్ల ముక్కలు గుట్టగా పేర్చి కైపిరిన్యా అనే కాక్‌టెయిల్ కలిపే బళ్ళు. నిద్ర ముఖ్యమనుకునేవాళ్ళు అక్కడ గది తీసుకోకండి. మూడోది మధ్యస్థం. పోటు వచ్చినప్పుడు ఇసుక మొత్తం మునిగి నీళ్ళు గోడని తాకుతాయి, కానీ దీవి చుట్టే పడవలు అక్కడి నుంచే బయల్దేరతాయి, గది నుంచి పడవకి రెండు నిమిషాలు. నాలుగోది పొడవైనది, కొబ్బరిచెట్లు, నిశ్శబ్దం, కాళ్ళ ముందే మడుగులు. కానీ రాత్రి భోజనానికి ఊళ్ళోకి రావాలంటే దూరం. ఐదోది ఇంకా దూరం.

నాలుగు, ఐదు బీచ్‌ల హోటళ్ళు రెండో బీచ్ వెనకవైపు మట్టిరోడ్డు నుంచి ట్రక్కుల్లో మనుషుల్ని తీసుకెళ్తాయి. కార్లు లేని ఊరనే మాట ఊరి మధ్యకీ, మొదటి బీచ్‌లకీ సరిపోతుంది. దీవి మొత్తానికి కాదు. గది బుక్ చేసేటప్పుడే "మీ బండి వస్తుందా" అని అడగండి.

మేము మూడో బీచ్‌లో ఉన్నాం. మళ్ళీ వెళ్ళినా అక్కడే ఉంటాను.

ఆటు చూసుకుని రోజులు పంచుకోండి

అమావాస్య పొద్దున నాలుగో బీచ్ మడుగులకి ఉంచండి. దీనికి పడవ అక్కర్లేదు, ఖర్చు లేదు. పట్టికలో ఆటు పదింటికని ఉంటే తొమ్మిదికల్లా అక్కడుండండి. నీళ్ళు తగ్గేటప్పుడు లోపలికి నడవాలి, పెరగడం మొదలవగానే వెనక్కి తిరగాలి. దిబ్బల మీద నిలబడకండి. అవి ప్రాణమున్నవి, పైగా మీ కాలికే ప్రమాదం. ఇసుక మీదే నడవండి. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాలి లోతులో గంటసేపు నిలబడింది. చేపలు కాళ్ళని పొడుస్తుంటే చిన్నపిల్లలా అరిచింది. అష్టమి నాడు నేను మెడలోతులో చూసిన సముద్రం ఇదే.

పాడ్యమి నాడు దీవి చుట్టూ పడవ. రోజంతా పడుతుంది. గరపువా, మొరెరె దగ్గర సముద్రం మధ్యలో మడుగులు, తర్వాత పక్క దీవి బోయిపెబాలో భోజనం, తిరిగొచ్చేటప్పుడు మడ అడవుల మధ్య నదిలోంచి కైరు ఊరు, అక్కడ 17వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ మఠం. ఏ ఆపు ముందో, ఏది వెనకో ఆటు వేళని బట్టి మారుతుంది. టికెట్ అమ్మే మనిషిని "రేపు మడుగుల దగ్గర ఎన్నింటికి ఉంటాం?" అని అడిగి, ఆ వేళని మీ పట్టికతో పోల్చుకోండి. రెండూ కలవకపోతే ఇంకొకర్ని అడగండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు.

ఆటు వేళే పక్కనున్న గంబోవా పల్లెకి తీరం వెంట నడిచి వెళ్ళొచ్చు. దారిలో రంగురంగుల మట్టి కొండచరియ ఉంటుంది, జనం ఆ మట్టి ఒంటికి పూసుకుంటారు. నేను మొదటిసారి గంబోవాలో చేపలు కొనేవాళ్ళని చూస్తూ కూర్చుని ఆలస్యం చేశాను. తిరిగొచ్చేటప్పటికి ఇసుక లేదు. బండల మీద, నడుము లోతు నీళ్ళలో, ఫోన్ నెత్తిన పెట్టుకుని వచ్చాను. అమావాస్యకి ఆటు ఎంత పెద్దదో పోటూ అంత పెద్దది, ఆ సంగతి మర్చిపోవద్దు. ఆటు వేళ దాటి గంటన్నర అయితే నడక వద్దు. గంబోవా నుంచి రేవుకి చిన్న పడవలుంటాయి, ఎక్కేయండి.

సాయంత్రాలు గుట్ట వైపు. బీచ్‌లన్నీ తూర్పుకి ఉంటాయి, మన విశాఖలో లాగా సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు గానీ నీళ్ళలోకి దిగడు. అస్తమయం కావాలంటే కోటకి వెళ్ళాలి. 1624లో డచ్చివాళ్ళు సాల్వడోర్‌ని ఆక్రమించారు, మరుసటి ఏడాదికి వెళ్ళగొట్టబడ్డారు. ఆ భయంతోనే 1630లో ఈ కోట మొదలుపెట్టారు. ఐదింటికల్లా చేరుకోండి, అక్కడ చీకటి త్వరగా పడుతుంది. గుట్ట పైన 1855 నాటి దీపస్తంభం ఉంది. దాని పక్క నుంచి తీగ మీద జారుతూ మొదటి బీచ్ నీళ్ళలో పడొచ్చు, సరదా ఉన్నవాళ్ళకి. అక్కడ నిలబడి చూస్తే కనిపించే ఈ ప్రశాంతమైన సముద్రంలోనే 1942 ఆగస్టులో జర్మన్ జలాంతర్గామి యూ-507 బ్రెజిల్ ఓడల్ని ముంచింది. వారం తిరక్కుండానే బ్రెజిల్ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది.

తిండి

మాంసాహారులకి చెప్పేదేముంది, మోకెకా తినండి. చేపని కొబ్బరిపాలు, టమాటా, ఉల్లి, కొత్తిమీర, దెందే నూనెతో మట్టి మూకుడులో ఉడికిస్తారు. బల్ల మీదికి వచ్చాక కూడా బుడగలు వేస్తూ ఉంటుంది. ఒకటి ఇద్దరికి సరిపోతుంది. పక్కన అన్నం ఇస్తారు.

దెందే గురించి ఒక హెచ్చరిక. మన ఏలూరు వైపు తోటల్లో పండేది కూడా ఇదే జాతి పామ్, కానీ మనకి వచ్చేది శుద్ధి చేసి రంగు, వాసన తీసేసిన నూనె. అక్కడ పచ్చిదే వాడతారు, నారింజ రంగులో, చిక్కగా. మొదటి రోజే ఎక్కువ తింటే కడుపు ఒప్పుకోదు. కొంచెంతో మొదలుపెట్టండి.

శాకాహారులకి కష్టమేగానీ పస్తులుండక్కర్లేదు. "సెం కార్ని, సెం పేషి, సెం కమరావ్" అని బట్టీ పట్టండి. మాంసం లేకుండా, చేప లేకుండా, రొయ్యలు లేకుండా అని అర్థం. మూడూ చెప్పాలి. మొదటిది ఒక్కటే చెప్తే చేప వస్తుంది, అది వాళ్ళ లెక్కలో మాంసం కాదు. బీన్స్ అడిగినప్పుడు కూడా మాంసం ముక్క ఉందా అని అడగండి. పండిన కూర అరటితో చేసే మోకెకా చాలాచోట్ల దొరుకుతుంది, అది బ్రహ్మాండం. పొద్దున తపియోకా అట్టు తినండి. కర్రపెండలం పిండితో, లోపల కొబ్బరి, చీజ్ పెట్టి వేస్తారు. మన సామర్లకోట సగ్గుబియ్యం కూడా ఆ దుంప నుంచే కదా. బీచ్‌లో బొగ్గుల మీద పుల్లకి గుచ్చి కాల్చే చీజ్ ఉంటుంది.

ఇక అకరజే. తెల్లటి గౌను, తలకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు సాయంత్రం బల్ల వేసుకుని అమ్ముతారు. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లి కలిపి, గరిటెతో తీసి దెందేలో వేయిస్తారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లో వచ్చిన వంట ఇది. అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "ఇది అలసంద వడేరా. నూనె వాసనే వేరు" అంది. రెండోది తనే అడిగి తీసుకుంది. వడని మధ్యకి చీల్చి లోపల వతపా అనే ముద్ద, బెండకాయతో చేసే కరురు, ఎండు రొయ్యలు కూరుతారు. వతపాలోనూ, కరురులోనూ రొయ్య పొడి ఉంటుంది కాబట్టి శాకాహారులు ఉత్త వడ, పైన టమాటా ముక్కలు మాత్రమే వేయించుకోండి. అన్నిటికీ ఒకటే మూకుడు, ఒకటే నూనె, అది పట్టింపు ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవాలి. ఆవిడ "కెంచి?" అని అడుగుతుంది. వేడిగా కావాలా అని కాదు, కారం వేయాలా అని. మనవాళ్ళు ధైర్యంగా తలూపొచ్చు.

డబ్బు

వాళ్ళ యూపీఐ పేరు పిక్స్. 2020 నవంబరులో వచ్చింది, ఇప్పుడు కొబ్బరిబోండాల బండి మీద కూడా దాని కోడ్ అంటించి ఉంటుంది. మనకి అది మామూలుగా పనిచేయదు, అక్కడి బ్యాంకు ఖాతా కావాలి. కార్డు చాలాచోట్ల తీసుకుంటారు. బండి మనిషికి, అకరజేకి, చిన్న పడవకి నోట్లు కావాలి. సాల్వడోర్‌లోనే ఏటీఎం నుంచి తీసి చిన్న నోట్లుగా మార్చుకోండి. రెండో బీచ్‌లో కుర్చీ మీద కూర్చునే ముందు అద్దె ఉందా, కనీసం ఇంత తినాలన్న నియమం ఉందా అని అడగండి. ఊరు మొత్తం మీద మంచిదే. రాత్రిపూట చీకటి బీచ్‌లో మత్తు పదార్థాలు అమ్మజూపేవాళ్ళు తగలొచ్చు. మాట కలపకుండా నడిచి వెళ్ళిపోండి.

తిరుగు ప్రయాణం

దీవి నుంచి బయల్దేరిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోకండి. సముద్రం బాగా లేకపోతే కాటమరాన్ ఆపేస్తారు, అందర్నీ బస్సు దారిలో పంపిస్తారు, మీ లెక్కంతా రెండు గంటలు జరుగుతుంది. ఒక రాత్రి సాల్వడోర్‌లో ఉండి మర్నాడు ఎగరండి.

బండి మనిషిని ముందు రోజే మాట్లాడి పెట్టుకోండి, పొద్దున పడవ వేళకి అందరికీ ఒకేసారి కావాలి. పడవకి గంట ముందు గది వదలండి. దిగుడు కదా తేలిక అనుకుంటాం, బండికి అదే కష్టం. మా బండతను ఆ కమాను దగ్గర పిడులు గట్టిగా పట్టుకుని, ఒళ్ళు వెనక్కి వాల్చి, మడమలు రాళ్ళ సందుల్లో తన్నిపెట్టి ఒక్కో అడుగే దింపాడు. ఆ సమయంలో అతని ముందు నడవకండి. రేవులో డబ్బులిచ్చాక అమ్మ తన సంచిలోంచి మిగిలిన జంతికల పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. అతను ఒకటి కొరికి, మిగిలినవి చొక్కా జేబులో వేసుకుని, తర్వాతి పడవ వైపు బండి తిప్పాడు.